నేలకు పోసిన తొలి గుక్క

వన్యమృగాల పార్కులో ఉన్న మా న్యారిని క్యాంపులో నా ముక్కుకు తెలియకుండా ఒక్క ఉల్లిపాయ వేగదు. కంచె అవతల సింహం ఆవలిస్తే, అది నిన్న తిన్నది అడవిదున్నో జింకో ఇవతల నుంచే చెప్పేస్తాను. ఒకసారి ప్రిటోరియా పెద్దమనిషి ఒకాయన పందెం కాస్తే, కళ్ళకు గంతలు కట్టుకుని, చుట్టిళ్ళ ముందు నిప్పుల మీద కాలుతున్న మాంసాలన్నింటికీ వరసగా పేర్లు చెప్పుకుంటూ పోయాను. చివరిది మాంసం కాదు, తమరి చెప్పు నిప్పుల్లో పడిందని కూడా నేనే చెప్పాను. పోలీసులకు కుక్కల ఖర్చెందుకు, ఖజములా ముక్కుంటే చాలదా అని ఆయన నవ్వాడు. ఏడో నంబరు చుట్టింటి కేసు తేల్చింది కూడా ఈ ముక్కే. ఎలాగో చెబుతాను, కూర్చోండి.

జూన్ నెల, మా దేశంలో చలికాలం. వరసగా మూడు రోజులు సెలవులు రావడంతో క్యాంపులో ఒక్క మంచం ఖాళీ లేదు. భోజనశాల వరండాలో పొద్దుటి ఫలహారానికి జనం బారులు తీరి ఉన్నారు. ఏడో నంబరు చుట్టింట్లో రేంజరు రిసిమాటి చచ్చి పడి ఉన్నాడని వాళ్ళలో చాలామందికి తెలియదు. గుడ్లు ఆలస్యమయ్యాయని మాత్రం అందరికీ తెలుసు.

రిసిమాటి సెలవులకు వచ్చిన అతిథి కాదు, ఖడ్గమృగాల కొమ్ముల కేసులో మంగళవారం కోర్టులో నోరు విప్పవలసిన సాక్షి. రేంజర్ల గస్తీ ఏ దారిన పోతుందో కొమ్ము దొంగలకు ముందే అమ్ముకుంటున్నవాడు రేంజర్లలోనే ఉన్నాడనీ, వాడి పేరు జడ్జి ముందు తప్ప ఎక్కడా చెప్పననీ అన్నాడు. అంతవరకూ అతన్ని దాచడానికి జనం కిక్కిరిసిన క్యాంపే మేలని పార్కు భద్రతాధికారి ఫాన్ టోండర్ అనుకున్నాడు. రిసిమాటితో ఏళ్ళ తరబడి గస్తీ తిరిగిన కార్పొరల్ మఫెమానిని కాపలా పెట్టాడు. తెల్లవారి తలుపు తీసి చూసింది ఆ మఫెమానియే.

వంట న్యెలెటిది. న్యెలెటి నా తమ్ముడి కూతురు. దాని తమ్ముడు అదే కొమ్ముల కేసులో ముద్దాయిగా జైల్లో ఉన్నాడు. ఫాన్ టోండర్‌కు అంతకంటే ఏం కావాలి? పైగా దాని పిండి డబ్బాలో నల్లటి గుళికల పొట్లం దొరికింది. పొలాల్లో పురుగులకు వేసే మందు అది. మా వాళ్ళు రెండడుగుల మందు అంటారు, తిన్న కుక్క మూడో అడుగు వెయ్యదు కనుక.

నా పని పొయ్యిలు. భోజనశాల వెనక వేడినీళ్ళ బాయిలరు, వంటింటి కట్టెల పొయ్యి రెండూ నా చేతిలోవి. ఆ పొద్దున మఫెమాని నా పొయ్యి దగ్గరికి వచ్చాడు. వచ్చినవాడు చలి కాచుకోకుండా దూరంగా జరిగి నిలబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"ఏరా మఫెమానీ, జూన్‌లో చెమట పట్టిన మగాణ్ణి నిన్నే చూస్తున్నాను. పెళ్ళిచూపులకి వెళుతున్నావా?"

"ఊరుకో తాతా. మనసు బాగాలేదు. వంటింట్లో పుల్లటి పాలుంటే కొంచెం ఇప్పించు."

"స్నేహితుడు పోయిన పొద్దున పాలేమిట్రా? టీ తాగు."

అతను మాటిమాటికీ పక్కకు తిరిగి ఉమ్ముతున్నాడు. కళ్ళు చూశాను. కంటిపాపలు గసగసాల గింజలంత ఉన్నాయి. పొగ, తాతా అన్నాడు. పొగే కాబోలనుకున్నాను. పాలు ఇప్పించలేదు.

కెప్టెన్ శివంబు అప్పుడు వచ్చింది. పట్నం పోలీసు. మనిషి పొట్టి, గొంతు నెమ్మది, పుట్టింది మా పక్క ఊళ్ళోనే. వంటింటి వెనక సరుకుల గదిలో న్యెలెటిని కూర్చోబెట్టింది. పెద్దవాళ్ళెవరైనా పక్కనుండాలని న్యెలెటి అడిగితే నన్ను పిలిపించింది.

"రాత్రి అతనికి ఏం పెట్టావు?"

"సంకటి, మాంసం పులుసు. అందరికీ పెట్టిందే."

"ఆ అందరిలో ఎవరూ చావలేదు."

"అందుకేగా అమ్మా నన్ను పట్టుకున్నారు."

"ప్లేటు ఎవరు పట్టుకెళ్ళారు?"

"నేనే. నలుగురి కళ్ళలో పడకూడదని అతను తన వరండాలోనే తినేవాడు. అప్పటికింకా వెలుగుంది."

"నీ ముందే తిన్నాడా?"

"సగం తిన్నాడు. మిగతా సగం, సంకటీ పులుసూ ఎముకలూ అన్నీ కలిపి, కంచె మీంచి విసిరాడు. అక్కడ చెవి తెగిన దుమ్ములగొండి ఒకటి తిరుగుతుంటుంది. కోర్టులో ఏం చెబుతావని నన్నడగనిది ఇదొక్కటే అన్నాడు. నేను తిట్టాను. జంతువులకు తిండి వెయ్యొద్దని క్యాంపంతా బోర్డులు పెట్టింది నీలాంటి వాళ్ళ కోసమేరా అన్నాను. నవ్వాడు."

శివంబు అడిగింది: "నీ తమ్ముణ్ణి జైల్లోనే ఉంచడానికి వచ్చినవాడు. వాడికి తిండి పెట్టడం ఎలా ఉండేది?"

న్యెలెటి తన చేతులు చూసుకుంది. "మొదటి పూట ఉప్పు ఎక్కువేశాను. కావాలనే. ఒక్క మెతుకు వదలకుండా తిని బాగుందన్నాడు. రెండో పూట సరిగ్గా వేశాను."

అప్పుడే ఫాన్ టోండర్ లోపలికి వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి. మా భాష నాకంటే వేగంగా మాట్లాడతాడు, వినడం మాత్రం తక్కువ.

"అయిందా కెప్టెన్? పగ ఉంది, ప్లేటు ఉంది, పొట్లం ఉంది. ఇంకేం కావాలి మీకు, జాతకమా?"

"పొట్లం ఎవరికి దొరికింది?"

"మఫెమానికి. ప్రాణస్నేహితుడు పోయిన బాధలో ఉండి కూడా పని చేశాడు. మీ పట్నం వాళ్ళు ఇంకా టైర్లకు గాలి కొట్టుకుంటున్నారు అప్పటికి."

"పిండి డబ్బాలో ఎందుకు వెతికాడు?"

"ఎక్కడో ఒకచోట వెతకాలిగా."

"క్యాంపులో వందకు పైగా చుట్టిళ్ళున్నాయి. తిన్నగా పిండి డబ్బా దగ్గరికే వెళ్ళాడు. అదృష్టవంతుడు."

ఫాన్ టోండర్ మెడ ఎర్రబడింది. "రిసిమాటి ఊరివాళ్ళు బయల్దేరారని కబురొచ్చింది. ఈమె ఇక్కడుంటే ముక్కలు చేస్తారు. పట్నం పంపించేస్తున్నాను."

"నేను ఏడో నంబరు చూసొచ్చేదాకా ఈమె కదలదు."

"ఇది నా క్యాంపు, కెప్టెన్."

"శవం నాది."

ఆ మాటతో ఆమె బయటికి నడిచింది. తాతా, దారి చూపించండి అని నన్ను పిలిచింది. బాయిలర్లో రెండు దుంగలు వేసి వెనకే వస్తానన్నాను. దుంగలు వేస్తుండగానే చూశాను, న్యెలెటిని బూడిదరంగు వ్యాను ఎక్కిస్తున్నారు. ఎక్కేముందు అది వెనక్కి తిరిగి, "పెదనాన్నా, పొయ్యి ఆర్పకు" అంది. నవ్వే ప్రయత్నం కూడా చేసింది. వ్యాను వెళ్ళిపోయింది. పెద్దలు పెద్దలు మాట్లాడుకుని తేల్చుకున్నారు కాబోలనుకుని నేను ఏడో నంబరుకు నడిచాను. దారిలో ఆ మాట కెప్టెన్‌కు చెప్పాలని తోచలేదు.

ఆమె ముందు కంచె దగ్గరికి వెళ్ళింది. కరెంటు తీగ మీద పులుసు ఎండి అంటుకుని ఉంది. అవతల గడ్డిలో మా వంటింటి రంపంతో కోసిన ఎముక ముక్కలు, నమిలి వదిలేసినవి. ఇంకాస్త అవతల, బాట కింది తూములో, చెవి తెగిన దుమ్ములగొండి పొట్ట ఎండకు పెట్టి పడుకుంది. చచ్చిందనుకున్నాను. అంతలో దాని పిల్ల ఒకటి తూములోంచి వచ్చి తల్లి ముఖం మీదే కూర్చుంది. తల్లి విసుగ్గా తల విదిలించింది.

"సంకటి తిన్నది, పులుసు తాగింది, ఎముకలు నమిలింది," అంది శివంబు. "పిల్లలకు పాలు కూడా ఇస్తోంది. మీ న్యెలెటి వంటలో తప్పు లేదు తాతా."

నేను అప్పటికప్పుడే ఇంటికి పోయి నిద్రపోదామనుకున్నాను. ఆమె మాత్రం లోపలికి వెళ్ళింది.

శవాన్ని తీసుకెళ్ళిపోయారు. మంచం మీద దుప్పటి ఒక పక్కకు జారి ఉంది, నేల మీద వాంతి ఎండి ఉంది. బల్ల మీద ప్లేటు కడగకుండా పడి ఉంది. గిన్నెలు ఆరబెట్టే చట్రం మీద ఒకే ఒక్క వస్తువు బోర్లించి ఉంది. సొరబుర్ర డిప్ప. ప్రతి చుట్టింటి గోడకూ అతిథుల ముచ్చట కోసం ఒకటి వేలాడదీస్తారు. ఏ అతిథీ దాన్ని ముట్టుకోడు, ఫొటో తీసుకుంటాడు. ఇక్కడ గోడకు మేకు మాత్రమే ఉంది.

"ప్లేటు వదిలేశాడు, బుర్ర కడిగాడు," అంది శివంబు. "మగాడు కడిగితే రెండూ కడుగుతాడు, బద్ధకిస్తే రెండూ వదిలేస్తాడు. అన్నిటికీ మించి చావబోయేవాడు కడుపు పట్టుకుని మంచానికి పోతాడు గాని గిన్నెలు బోర్లించడు. బుర్ర కడిగినవాడు వేరు. ప్లేటును కావాలనే వదిలాడు, మనం దాన్నే చూడాలని."

తొడుగులు వేసుకుని బుర్ర నా ముందుకు పట్టింది. "మీ ముక్కు గురించి గేటు దగ్గర్నుంచీ వింటున్నాను తాతా. తాకకుండా చూసి చెప్పండి. ఇందులో ఏముండేది?"

కళ్ళు మూసుకున్నాను. గుండె నిండా పీల్చాను. "పులుసు," అన్నాను. "మిరియాలు కొంచెం ఎక్కువ పడ్డాయి."

ఆమె తన ముక్కు దగ్గర పెట్టుకుంది. "జొన్న బీరు. పులిసి పులిసి ఉన్నది. పసిపిల్లకైనా తెలుస్తుంది."

నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళ పొగలో నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. మా ఇంట్లో పాలు విరిగితే మా ఆవిడ చెప్పాలి. ఆ ప్రిటోరియా పెద్దమనిషి చెప్పు కథ కూడా అంతే, కాలు కాలుతుంటే ఆయనే అరిచాడు. నా ముక్కును నమ్మి ఉంటే మిరియాలు నూరిన నేరానికి న్యెలెటిని ఉరి తీసేవాళ్ళు. కాబట్టి మొదట్లో నేను చెప్పింది తుడిచెయ్యండి. ఏడో నంబరు కేసులో నా ముక్కు చేసిన పని తుమ్మడం ఒక్కటే.

శివంబు వరండాలోకి వచ్చింది. అక్కడ ఫ్రిజ్‌ను, కోతులు తెరవకుండా, తలుపు గోడవైపు ఉండేలా తిప్పి పెట్టారు. దాన్ని దాటి పైకప్పు మోసే కట్టెస్తంభం మొదట్లో గొంతుక్కూర్చుంది. చాలాసేపు లేవలేదు. నేనూ వంగి చూశాను. మట్టిలో అరచేతంత చోట నల్లబారి ఉంది. దాని చుట్టూ చీమలు, గింజలు పోసినట్టు, అన్నీ చచ్చి ఉన్నాయి. పక్కనే నీలి గోరింక ఒకటి కాళ్ళు పైకి పెట్టి పడి ఉంది, ముక్కున ఇంకా ఒక చీమ ఉంది.

"తాతా, మీ ఇంటికి ఎవరైనా వస్తే బీరు ఎలా ఇస్తారు?"

"ఎలా ఏముంది? ముందు నేను ఒక గుక్క తాగి ఇస్తాను. లేకపోతే విషం పెట్టాననుకోరా?"

"దానికంటే ముందు?"

"నేలకు పోస్తాను. పోయినవాళ్ళ వాటా."

చెప్పాక నా మాట నాకే వినబడింది. మా పెద్దవాళ్ళ వాటా పొయ్యకుండా బీరు ముట్టుకున్న మగాణ్ణి నేను చూడలేదు. దొంగలు పోస్తారు. తాగుబోతులు పోస్తారు, తూలుతూ అయినా సరే. కానీ చంపడానికి తెచ్చిన బీరు పోసినవాడి గురించి వినలేదు.

"అలవాటు," అంది శివంబు. "లేదా భయం. చేసేది హత్య, ఆ రాత్రి పెద్దవాళ్ళకు పొయ్యకుండా ఉండగలడా? పోశాడు. తన తాతముత్తాతలకే విషం పోశాడు."

భోజనశాలకు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నపు జనం మొదలయ్యారు. ఫాన్ టోండర్ మూల బల్ల దగ్గర పొద్దుటి గుడ్లు అప్పుడు తింటున్నాడు. శివంబు కూర్చోలేదు.

"విషం ప్లేటులో లేదు. బీరులో ఉంది."

"అయితే బీరు కూడా ఆమే తెచ్చి ఉంటుంది."

"రిసిమాటి ఎవరి చేతి బీరు తాగుతాడు? తను జైల్లో ఉంచబోతున్నవాడి అక్క చేతి బీరా? ప్రాణభయంతో దాక్కున్న మనిషి. తెచ్చినవాడు స్నేహితుడై ఉండాలి. స్నేహితుడైనా సరే, ముందు తాగి చూపించాలి. అది మన పద్ధతి. మీరిక్కడే పెరిగారుగా, తెలియదా?"

"తెలుసు," అన్నాడు ఫాన్ టోండర్. ముళ్ళచెంచా కింద పెట్టాడు. "ముందు తాగినవాడు బతికుంటే మరి విషం ఎక్కడిది?"

"రిసిమాటి చూస్తుండగా నోట్లో పోసుకున్నాడు, చూడనప్పుడు ఉమ్మేశాడు. మింగకపోయినా ఆ మందు ఊరుకోదు. చెమటలు పడతాయి. నోట్లో నీళ్ళూరుతూనే ఉంటాయి. కడుపులో తిప్పుతుంది. కంటిపాపలు చుక్కల్లా అయిపోతాయి. న్యెలెటి నా ఎదురుగా కూర్చుని అంతసేపు మాట్లాడింది, ఆమె నుదుటి మీద తడి లేదు. ఈ పొద్దున ఈ క్యాంపులో ఒంట్లో బాగాలేనిది ఎవరికి?"

పక్క బల్ల మీద ఒకావిడ కెచప్ సీసా అడిగింది. ఎవరో అందించారు.

గసగసాల గింజలు. పుల్లటి పాలు. పెళ్ళిచూపులకి వెళుతున్నావా అని నేనే నవ్వాను.

"మఫెమాని," అన్నాం నేనూ ఫాన్ టోండరూ ఒకేసారి. అతను నావైపు చూడలేదు. "తెల్లారగట్ల నుంచీ వాంతులు," అన్నాడు మెల్లగా. "దుఃఖమనుకున్నాను. ఉప్పునీళ్ళు నేనే కలిపిచ్చాను."

"రిసిమాటి జడ్జి ముందు చెప్పబోయిన పేరు అదే," అంది శివంబు. "ఎదురుగా కూర్చుని తాగుతున్నవాడి పేరు అదే అని తెలిసీ తాగాడో, స్నేహితుడే ఆ పని చేశాడని ఇంకా నమ్మలేక తాగాడో, ఇక ఎవరం అడగలేం. మఫెమానిని పిలవండి."

ఫాన్ టోండర్ ప్లేటు పక్కకు నెట్టాడు.

"ఎక్కడున్నాడు?"

"ఆమెను పట్నం తీసుకెళ్ళాడు."

"ఆమె సరుకుల గదిలో ఉంది."

"మీరు ఏడో నంబరుకు వెళ్ళగానే పంపించేశాను." అంత పెద్దమనిషి గొంతు పిల్లవాడి గొంతయింది. "వ్యాన్లో. అతనొక్కడితోనే. కాపాడుదామనే, కెప్టెన్."

శివంబు నావైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. "చూశానమ్మా," అన్నాను. "మీరే పంపించారనుకున్నాను."

ఆమె ఫాన్ టోండర్ నడుముకున్న రేడియో లాక్కుని గేటును పిలిచింది. న్యారిని నుంచి గేటుకు గంట దారి. వ్యాను వెళ్ళి రెండు గంటలు దాటింది.

"గేటు. చెప్పండి."

"బూడిదరంగు పార్కు వ్యాను దాటిందా? కార్పొరల్ మఫెమాని, లోపల ఒక ఆడమనిషి."

రేడియోలో కాసేపు గాలి శబ్దం. "లేదమ్మా. పొద్దుట్నుంచీ బయటికి పోయిన పార్కు బండి ఒక్కటీ లేదు. మధ్యలో ఎక్కడైనా ఆగాడేమో. పాత నది బాటలోకి బండి ఒకటి తిరిగిందని గంట కింద ఎవరో అతిథులు చెప్పారు. అటు ఎవరూ పోరు, మూసేసిన దారి."

చనిపోయిన సాక్షి, పారిపోబోయిన వంటమనిషి. పారిపోతుంటే కాల్చాను అంటాడు మఫెమాని, లేదా నది ఒడ్డున మొసలి అంటాడు. అడవి అతనికి సాక్ష్యం చెబుతుంది, అది ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పదు. ఈ ముక్క ఎవరూ పైకి అనలేదు. ఫాన్ టోండర్ లేచిన ఊపుకు కుర్చీ పడిపోయింది. అతను గోడకున్న తుపాకీ తీశాడు, శివంబు అతని చేతిలోంచి బండి తాళాలు తీసుకుంది.

"నేను నడుపుతాను. మీరు చూస్తూ కూర్చోండి. ఈసారి నిజంగా చూడండి."

బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. వరండాలో జనం ఏనుగులు కనబడ్డాయేమోనని లేచి నిలబడ్డారు. ఒకాయన కెమెరా తీశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను కథ చెబితే అందులో సగం పొగ ఉంటుందని మా ఊళ్ళో అంటారు. చీమలు నిజం. గోరింక నిజం. ఉప్పు ఎక్కువేసిన సంగతి న్యెలెటి నోటినుంచే విన్నాను. కానీ వ్యాను ఎక్కేముందు న్యెలెటి వెనక్కి తిరిగి, పెదనాన్నా, పొయ్యి ఆర్పకు అన్నదని చెప్పాను చూడండి, అది నేను కల్పించింది. న్యెలెటి తిరగలేదు. ఏమీ అనలేదు. మఫెమాని దాని తల మీద చెయ్యి వేసి వంచి లోపలికి నెట్టాడు, ఆ చేతి చెమట దాని తలగుడ్డ మీద తడి మరకగా నిలిచింది. అది చూశాను. చూసి దుంగ వేశాను.

పొయ్యి మాత్రం ఆర్పలేదు. ఆ పొద్దంతా కట్టె మీద కట్టె వేస్తూ కూర్చున్నాను, నది వైపు చూస్తూ.